కవికోకిల జాషువ

1

కృష్ణానదికి కుడిగట్టున, నాగార్జునసాగరపు ఆనకట్టకు చేరువగా విజయపురి సౌత్ అను ఊరు కలదు. ఆనకట్ట నిర్మాణకాలమున వెలసిన ఊరది. పేరు మాత్రము ప్రాచీనమైనది. సుమారు పదునేడు వందల యేండ్లకు పూర్వము ఇక్ష్వాకురాజులు ఈ కృష్ణాలోయలోనే విజయపురి యను రాజధానిని నిర్మించుకొని పాలించిరి. ఆ నగరము నేడు నీటి యడుగున నున్నది. అచ్చట త్రవ్వకములలో లభించిన బౌద్ధశిల్పములను నాగార్జునకొండపై భద్రపఱచియున్నారు.

ఈ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలలోనికి నీరు విడిచెను. కుడికాలువ ఇచ్చటనే పుట్టి, పల్నాటి మెట్టపొలముల మీదుగా ప్రకాశము జిల్లా వఱకు సాగిపోవుచున్నది.

ఈ నీరు రాకముందు పల్నాడు ఎట్లుండెడిదో మీ యిండ్లలోని పెద్దలు విని యుందురు. నాపరాళ్ల నేల. జొన్నకూడు, సజ్జకూడు. వేసవి వచ్చెనా, ఎండిన బావులు. సుమారు ఆరు వందల యేండ్లకు పూర్వము శ్రీనాథ మహాకవి ఈ సీమలో తిరిగి, ఇచ్చటి కూటికిని నీటికిని వేసారి, చాటుపద్యములలో తన బాధను చెప్పుకొనెను. పల్నాటి వీరుల చరిత్రను పాడిన కవియును ఆయనయే.

ఆ శ్రీనాథుని పేరును తన బిరుదులలో నొకటిగా ధరించిన కవి ఈ పల్నాటిలోనే జన్మించెను. కాలువలకు నీరు రాక పూర్వమే, 1966 లో, ఆయన 'నాగార్జునసాగరము' అను కావ్యమును ప్రకటించెను. ఆయనయే మధుర శ్రీనాథుడనియు, కవికోకిల యనియు ప్రసిద్ధి కెక్కిన గుఱ్ఱం జాషువ.

జాషువ గొప్ప కవి యని తెలుగువారందఱు నెఱుగుదురు. ఆయన తన యింటివారిని పోషించుటకై ఎన్నెన్ని కొలువులు చేసెనో, ఎంత శ్రమపడెనో కొందఱే యెఱుగుదురు. కూటికొఱకు పని చేయుచు, ఆ పనిలో తన గౌరవమును గాని, తన కవిత్వమును గాని అమ్ముకొనక డెబ్బదియైదేండ్లు జీవించిన మనుష్యుని కథ యిది.

2

జాషువ 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. అప్పుడది గుంటూరు ప్రాంతమునకు చేరినది. నేడు పల్నాడు జిల్లాలోనిది. తండ్రి వీరయ్య, తల్లి లింగమాంబ. తండ్రి యాదవ కులమున పుట్టినవాడు. తల్లి, ఆ కాలమున అంటరానివారిగా ఎంచబడిన మాదిగ కులమున పుట్టినది. ఆ దంపతులు క్రైస్తవమతము నవలంబించిరి. అందుచేతనే కుమారునకు బైబిలు గ్రంథములోని పేరు వచ్చినది.

విద్యార్థులారా! అంటరానితన మనగా నేమో మీరు పుస్తకములలో చదివియుందురు. ఊరిబావిలో నీరు తోడుకొనరాదు. గుడిలో అడుగు పెట్టరాదు. పెద్దకులములవారి వాకిట నిలిచి మాటాడవలెనే గాని గడప దాటరాదు. బడిలోనికి వచ్చినను దూరముగా కూర్చుండవలెను. ఇట్టి ఆచారములు శతాబ్దములుగా నడచినవి. 1950 లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసినది. జాషువ పుట్టిన నాటికి అట్టి శాసన మేదియు లేదు. అప్పటి కింకను ఏబది యేండ్లకు పైగా గడువవలసియుండెను.

బాలుడైన జాషువ ఇంటిలో నున్నంతకాలము ఈ భేదము నెఱుగడు. బడిలో చేరిన పిమ్మట ఎఱిగెను. తోడిబాలురు కులము పేరెత్తి వెక్కిరించిరి. బోధింపవలసిన గురువులలోనే కొందఱు చిన్నచూపు చూచిరి. అతడు తలవంచుకొని ఏడ్చు బాలుడు కాడు. వెక్కిరించినవారి మీద తిరుగబడెడివాడు. కొన్ని దినములు చేతులతో తిరుగబడెను. పెద్దయైన తరువాత పద్యముతో తిరుగబడెను.

అతనికి చిన్ననాటి నుండియు బొమ్మలు గీయుట యందును, పాటలు పాడుట యందును మక్కువ మెండు. తరువాతి కాలమున కవిగా పేరుపొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రి అతనికి బాల్యమిత్రుడు. ఒకడు బ్రాహ్మణ బాలుడు, వేఱొకడు క్రైస్తవ బాలుడు. లోకము గీచిన గీత వారి నడుమ నుండియు, పద్యము వారిని కలిపినది. ఆ స్నేహమున జాషువకు కవిత్వము నందభిరుచి పెరిగెను.

సంస్కృతము రాకున్నచో తెలుగు కావ్యములు బాగుగా తెలియవని గ్రహించి, జాషువ జూపూడి హనుమచ్ఛాస్త్రి యొద్ద కాళిదాసుని మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును చదివెను. ఆ కాలమున అంటరానివాడని లోకమనుకొను యువకునకు సంస్కృత కావ్యములు చెప్పిన ఆ గురువు ఔదార్యము సామాన్యమైనది కాదు. అన్ని తలుపులును మూసియున్న వీథిలో ఒక్క తలుపు తెరచియున్నను బాటసారికి మేలే కదా!

ఒకమారు వినుకొండలో అవధానసభ జరిగెను. జాషువ ఆ సభకు పోయి తన పద్యములను చదివెను. పద్యములు బాగుగనే యుండెను. కాని సభలో కొందఱు లేచి, ఈ కులమువానిని సభలోనికి ఎవరు రానిచ్చిరని ఆగ్రహించిరి. పద్యములో తప్పున్నదని వారనలేదు. పద్యము చదివినవాని పుట్టుకను తప్పుపట్టిరి. ఆ యవమానము జాషువ మనస్సులో ముల్లువలె నిలిచిపోయెను. అయినను ఆయన కవిత్వమును విడువలేదు.

3

1910 లో జాషువకు వివాహమయ్యెను. వధువు పేరు మేరి. వరునకు అప్పటికి పదునైదేండ్లైనను పూర్తిగా నిండెనో లేదో! చిన్నవయస్సుననే సంసారభారము భుజములపై పడినది.

మిషనువారి పాఠశాలలో ఆయనకు ఉపాధ్యాయుని పని దొరకెను. జీతము నెలకు మూడు రూపాయలు. ఆ దినములలో రూపాయికి విలువ యెక్కువ యైనను, మూడు రూపాయలతో ఇల్లు గడపుట సులభము కాదు. కొంతకాలమునకు ఆ పనియు పోయెను.

పని పోయినదని జాషువ ఇంట కూర్చుండలేదు. ఊరు విడిచి, కృష్ణను దాటి, గోదావరి తీరమునందలి రాజమహేంద్రవరమునకు పోయెను. అచ్చట 1915, 1916 సంవత్సరములలో ఆయన చేసిన పని మీకు వింతగా తోచవచ్చును. ఆయన సినిమా వాచకుడు.

అప్పటి చలనచిత్రములకు మాటలు లేవు. మొదటి తెలుగు మాటల చిత్రమైన 'భక్త ప్రహ్లాద' 1932 లో గాని వెలువడలేదు. అంతకు పూర్వము తెరమీద బొమ్మలు కదలుచుండెడివి. పాత్రలు పెదవులు కదపుచుండెడివి. ప్రేక్షకులకు ఒక్క మాటయు వినబడెడిది కాదు. అందుచేత ఒక మనుష్యుడు తెరకు దగ్గఱ నిలిచి, జరుగుచున్న కథను ఎప్పటికప్పుడు బిగ్గరగా చెప్పవలసి యుండెను. రాజు కనబడినప్పుడు రాజువలెను, బిచ్చగాడు కనబడినప్పుడు బిచ్చగానివలెను మాటాడవలెను. బొమ్మ పరుగెత్తిన వాచకుని నోరును పరుగెత్తవలెను. ఆట ముగియువఱకు గొంతునకు విశ్రాంతి లేదు.

రఘువంశము చదివిన యువకునకు ఈ పని తగునా యని కొందఱనుకొనవచ్చును. జాషువ అట్లనుకొనలేదు. నిజాయతీతో కూడిన పని యేదియు నీచము కాదు. ఇంటిలో పొయ్యి వెలుగవలెను. అందులకై గొంతు అరిగిపోవువఱకు కథలు చెప్పుట ఆయనకు చిన్నతనముగా తోచలేదు. పైగా ఆ పని వలన ఆయనకొక మేలు కలిగియుండునని ఊహింపవచ్చును. చదువురాని సామాన్యజనమునకు ఏ మాట సూటిగా తగులునో, ఏ మాట గాలిలో తేలిపోవునో ప్రతి రాత్రియు ఎదుట చూచు అవకాశ మది. తరువాత ఆయన వ్రాసిన పద్యములు పండితులకు నచ్చుటతో పాటు పామరుల నాలుకలపైని నిలిచినవి.

4

కొంతకాలమునకు ఆయన గుంటూరు చేరెను. అచ్చట లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో సుమారు పదేండ్లు బోధకుడుగా పనిచేసెను. ఇతరులకు బోధించుచునే తాను చదువుకొనుట మానలేదు. ఉభయభాషాప్రవీణ పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. సంస్కృతాంధ్రములు రెండింటియందును పాండిత్యము లేనిదే ఆ పరీక్ష గట్టెక్కుట కష్టము. పగలు పాఠములు చెప్పి, సంసారము నీదుచు, ఆ పరీక్షకు చదువుట యెట్టి పనియో, ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపిన నావంటివారికి బాగుగా తెలియును.

1928 నుండి 1942 వఱకు ఆయన గుంటూరులోనే తెలుగు పండితుడుగా పనిచేసెను. ఆయన రచనలలో పెక్కు ఈ పదునాలుగేండ్లలోనివే. 'రుక్మిణీకల్యాణము' 1919 లోనే వెలువడినది. 'కుశలవోపాఖ్యానము', 'ధ్రువవిజయము', 'శివాజీ ప్రబంధము', 'బుద్ధుడు', 'భీష్ముడు' మొదలైన ఖండకావ్యములును, కావ్యములును ఒకదాని వెంట నొకటి వచ్చినవి.

ఈ పేర్లను చూచినచో మీకొక సంగతి తోచును. ఆయన క్రైస్తవుడు; వ్రాసినది రుక్మిణిని గూర్చి, కుశలవులను గూర్చి, ధ్రువుని గూర్చి, బుద్ధుని గూర్చి. ఇది కొందఱు క్రైస్తవ మతాధికారులకు సరిపడలేదు. క్రైస్తవుడై యుండి హిందూ పురాణకథలను వ్రాయుట తగదని నిరసించిరి. కడకు ఆయన కుటుంబమును క్రైస్తవ సమాజము నుండి వెలివేసిరి.

ఆయన స్థితిని ఒక్క క్షణ మాలోచింపుడు. అంటరానివాడని హిందువులు దూరముగా నుంచిరి. హిందువుల కథలు వ్రాసినాడని క్రైస్తవులు దూరముగా నుంచిరి. రెండు గుమ్మముల నడుమ ఒక సంసారము వీథిలో నిలువవలసి వచ్చినది. ఆ శిక్ష కవికి మాత్రమే కాదు. ఆయన ఇల్లాలికిని, బిడ్డలకును కూడ తగిలినది. పెండ్లియైనను, పేరంటమైనను, కష్టమైనను, సుఖమైనను తోడునిలుచు వారుండవలె నని ప్రతి కుటుంబమును కోరుకొనును. ఆ తోడు కరవైనది.

ఒక్క మాట వెనుకకు తీసికొన్నచో ఆయన కష్టము తీరియుండెడిది. ఇకమీదట అట్టి కథలు వ్రాయనని చెప్పిన చాలును. ఆయన చెప్పలేదు. తెలుగు పద్యమును ఏ మతమునకో, ఏ కులమునకో సొత్తుగా ఆయన భావింపలేదు. అది తన తల్లి భాష. అందలి కథలును తనవే. తాను గిరిగీతలకు లోబడువాడను కాననియు, లోకమున కంతకును చెందిన మనుష్యుడననియు ఆయన తరువాత ప్రకటించుకొనెను.

మఱియొక యవమానమును గూర్చి చెప్పుదురు. ఒకమారు రైలుబండిలో పోవుచు జాషువ తోడి ప్రయాణికునకు తన పద్యములను వినిపించెను. ఆ ప్రయాణికుడు సాహిత్యము తెలిసినవాడు. విని మిక్కిలి మెచ్చుకొనెను. పిమ్మట కులమేదని యడిగెను. జాషువ దాపరికము లేక చెప్పెను. అంతట ఆ ప్రయాణికుడు చటుక్కున లేచి పోయెను. పద్యము అంటినది, పద్యము చెప్పిన మనుష్యుడు అంటరానివాడైనాడు! ఇట్టి దినములు జాషువ జీవితమున ఒకటి రెండు కావు.

5

ఇంతటి బాధపడినవాని కవిత్వమున విషముండునని మీరనుకొనవచ్చును. అందు కోపము కలదు; ద్వేషము లేదు. ఆ కోపమునకు ప్రక్కనే చిన్నప్రాణులయెడ ఎనలేని ప్రేమయు కలదు.

'గిజిగాడు' అను ఖండికను తీసికొనుడు. గిజిగాడు పిచ్చుకంత పక్షి. గడ్డిపోచలను, ఆకు పీచులను ముక్కుతో చీల్చి తెచ్చి, కొమ్మ చివర వ్రేలాడునట్లు గూడు నల్లును. గాలికి ఊగునే కాని అది ఊడిపడదు. చేతులు లేని ఆ చిన్నపక్షి తన సంసారము కొఱకు కట్టుకొన్న ఇంటిని చూచి కవి ఆశ్చర్యపడెను. సాలీడు మీదను ఆయన ఒక ఖండికను వ్రాసెను. దానికి నేర్పిన గురువు లేడు; ఇచ్చిన నూలు లేదు; తన పొట్టలోని దారముతోనే అది వల నేయును. 'శిశువు' అను ఖండికలో పాలబుగ్గల పసివానిని వర్ణించెను. 'మాతృప్రేమ' అను ఖండికయు ఆయనదే. గూటిని, గూటిలోని పిల్లలను, పిల్లలకై శ్రమపడు తల్లిదండ్రులను ఆయన ఎంత ప్రేమతో చూచెనో ఇవి తెలుపును. తాను కూడ గడ్డిపోచ గడ్డిపోచగా ఇంటిని కట్టుకొనినవాడే కదా!

1932 లో 'ఫిరదౌసి' వెలువడెను. ఫిరదౌసి పారసీక మహాకవి. గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము నిచ్చెదనని మాట యిచ్చి, పారసీక రాజుల చరిత్రను వ్రాయుమని కోరెను. కవి ముప్పదియేండ్లు శ్రమించి వేలకొలది పద్యములతో 'షానామా' యను మహాకావ్యమును పూర్తిచేసెను. సుల్తాను మాట తప్పి, బంగారునకు మారుగా వెండి నాణెములు పంపెను. కవి వానిని తిప్పిపంపి, దుఃఖముతో తన ఊరు చేరెను. తరువాత సుల్తాను పశ్చాత్తాపపడి బంగారమును పంపెను. అది చేరునప్పటికి కవి మరణించియుండెను. ఆ బంగారమును కవి కుమార్తె ముట్టలేదు. తన తండ్రి కంటనీటికి వెల కట్టలేమని నిరాకరించెను.

ఈ కథను జాషువ ఎన్నుకొనుటలో ఆశ్చర్యము లేదు. కవి శ్రమకు తగిన ప్రతిఫలము లభింపకుండుట ఆయనకు తెలియని విషయము కాదు. బిడ్డల కొఱకు పనిచేయు తండ్రికి, తండ్రి గౌరవమును తన గౌరవముగా నెంచు కుమార్తె కంటె గొప్ప ధనము లేదని ఆ కావ్యము తెలుపుచున్నది.

1941 లో 'గబ్బిలము' వచ్చెను. కాళిదాసుని మేఘసందేశములో యక్షుడు మేఘము ద్వారా తన ప్రియురాలికి సందేశము పంపును. ఆ కావ్యమునే జాషువ యౌవనమున హనుమచ్ఛాస్త్రి యొద్ద చదివెనని మీకు చెప్పియుంటిని. 'గబ్బిలము' లోని నాయకుడు యక్షుడు కాడు. తంజావూరు ప్రాంతమునందలి ఒక పేద అంటరాని మనుష్యుడు. కడుపునిండ కూడు లేక, గుడిలోనికి ప్రవేశము లేక, ఒకనాటి రాత్రి ఒంటరిగా కూర్చుండియుండును. అంతలో ఒక గబ్బిలము అతని గుడిసెలోనికి వచ్చును. అతనికొక యాలోచన కలుగును. తనకు గుడిలోనికి పోవు అధికారము లేదు. గబ్బిలమునకు కలదు. అది నిర్భయముగా గర్భగుడిలోనికి పోయి వ్రేలాడును. దాని నెవ్వరును కులమడుగరు. కావున కాశీలోని శివునకు తన కష్టమును విన్నవింపుమని అతడు గబ్బిలమును వేడుకొనును.

మనుష్యునకు లేని ప్రవేశము గబ్బిలమునకున్న దను ఒక్క మాటతో ఆ కవి లోకపు తీరును ఎత్తిచూపెను. నిందలు లేవు, తిట్లు లేవు. చదివినవాడు తనంతట తానే సిగ్గుపడును. జాషువ కావ్యములన్నింటిలోను దీనికే కీర్తి హెచ్చుగా వచ్చినది.

ఆయన 'శ్మశానవాటిక' పద్యములు మఱియొక విధమున ప్రజలను చేరినవి. నటులు వానిని హరిశ్చంద్ర నాటకములోని కాటిసీనులో చేర్చి, రాగయుక్తముగా పాడసాగిరి. ఆ పద్యములు వ్రాసినదెవరో తెలియనివారు సైతము రాత్రంతయు మేలుకొని వాని కొఱకు ఎదురుచూచెడివారు. వినుకొండ సభలో ఎవని గొంతును కొందఱు వినగూడదనిరో, వాని పద్యములు తెలుగునాట ఊరూర మాఱుమ్రోగినవి.

6

1942 లో పండితపదవిని విడిచిన తరువాతను జాషువకు విశ్రాంతి లభింపలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యుద్ధప్రచారకుడుగా పనిచేసెను. 1957 నుండి 1959 వఱకు మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా నుండెను. అప్పటికి ఆయనకు అఱువది యేండ్లు దాటినవి. సాధారణముగా ఉద్యోగులు ఇంట విశ్రమించు వయస్సున ఆయన పరాయి పట్టణమున కొలువు చేసెను. మూడు రూపాయల బడిపంతులు మొదలు రేడియో నిర్మాత వఱకు ఆయన ఎక్కని మెట్టు లేదు. ఒక్క మెట్టును ఎవరి దయవలనను ఎక్కలేదు.

క్రమముగా గౌరవములు వచ్చినవి. అన్నింటిలోను ఒకటి మఱవరానిది. తిరుపతి వేంకటకవులలో నొకడగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆ కాలపు కవులకందఱకును గురుతుల్యుడు. ఆ వృద్ధకవి ఒక సభలో స్వయముగా వంగి జాషువ పాదమునకు గండపెండేరమును తొడిగెను. ఆ పాదమును తాకుటచే తన జన్మ ధన్యమైనదని కూడ పలికెను. శతావధానియైన బ్రాహ్మణ పండితుడు, అంటరానివాడని లోకము పలికిన కవి పాదమును సభాముఖమున ముట్టుట యనగా, అది యొక బిరుదునకు మించిన సన్మానము. చిన్ననాడు అవధానసభలో జరిగిన యవమానమునకు అది మంచి సమాధానమయ్యెను.

1964 లో ఆయన 'క్రీస్తుచరిత్ర' కావ్యమునకు కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించెను. హిందువుల కథలు వ్రాసినాడని వెలికి గుఱియైన కవియే క్రీస్తు జీవితమును తెలుగు పద్యములలో రచించి దేశమంతటి మన్నన పొందెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో సభ్యత్వము లభించెను. 1970 లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నిచ్చెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను.

ఇవి లోకము ఇచ్చినవి. తన యింటిలో ఆయన చేసిన పని యొకటి వీని యన్నింటికంటె పెద్దది. ఆయన కుమార్తె హేమలత 1932 లో, అనగా 'ఫిరదౌసి' వెలువడిన యేటనే, జన్మించెను. ఆమెను చదివించి పెద్దదానిని చేసెను. 1960 లో నాస్తికోద్యమ నాయకుడైన గోరా కుమారుడు లవణమునకు ఆమె నిచ్చి వివాహము చేసెను. వరునిది వేఱు కులము. అతని కుటుంబము కులమును, మతమును విడిచిన కుటుంబము. కులము వలదని కావ్యములలో వ్రాయుట యొక యెత్తు. కన్నబిడ్డ పెండ్లి యందు ఆ మాటను నిలుపుకొనుట వేఱొక యెత్తు. పలువురు రచయితలు ఇచ్చటనే తడబడుదురు. జాషువ తడబడలేదు. ఆయన పద్యమునకును, ఆయన గడపకును భేదము లేకుండెను.

ఆ కుమార్తె తండ్రి పేరు నిలిపినది. హేమలతా లవణము స్టువర్టుపురమునందు నేరస్థులని ముద్రపడిన కుటుంబముల బాగుకొఱకును, జోగిని దురాచారమును తొలగించుటకును ఏండ్ల తరబడి పాటుపడెను. తండ్రి జీవితమును గూర్చి గ్రంథము వ్రాసెను. ఆయన పేర నొక సంస్థను నెలకొల్పెను. ఆమె 2008 లో మరణించెను. 'ఫిరదౌసి' కావ్యమున కవి కుమార్తె బంగారమును ముట్టక తండ్రి గౌరవమును నిలిపినది. జాషువ కుమార్తె తండ్రి కోరిక ననుసరించి పనిచేసి, ఆ గౌరవమును నిలిపినది.

7

జాషువ తన కథను తానే పద్యములలో వ్రాసికొనెను. దాని పేరు 'నా కథ'. 1971 జులై 24వ తేదీన గుంటూరులో ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదు సంవత్సరములు. 1967 లో కుడికాలువకు నీరు వచ్చిన పిమ్మట ఆయన నాలుగేండ్లు జీవించెను. శ్రీనాథుడు నీటికై వేసారిన పల్నాటికి కృష్ణ నడచి వచ్చిన దినమును, మధుర శ్రీనాథుడు బ్రదికియుండగనే చూచెను.

విజయపురి నుండి బయలుదేరిన కాలువనీరు పొలము పొలమునకు పోవుచు, ఇది ఏ కులమువాని చేను అని అడుగదు. గట్టు తెగనిచో ప్రతి మడిని తడపును. మంచి పద్యమును అంతియే. జాషువ పద్యములను నేడు అన్ని కులములవారును, అన్ని మతములవారును చదువుచున్నారు, పాడుచున్నారు. ఆయనను సభ నుండి పొమ్మన్నవారి పేర్లు ఎవ్వరికిని జ్ఞాపకము లేవు.

బాలబాలికలారా! మీలో కొందఱి తండ్రులు పొలములో పనిచేయుచుందురు. కొందఱి తల్లులు కూలికి పోవుచుందురు. కొందఱి యిండ్లలో జీతము చాలక నెలకడపట ఇబ్బంది యుండును. ఇంటికొఱకు ఏ పని చేసినను అది చిన్నతనమని సిగ్గుపడకుడు. తెర ప్రక్కన నిలిచి కథలు చెప్పిన గొంతే 'గబ్బిలము'ను పాడినదని జ్ఞాపకముంచుకొనుడు. మీ తరగతిలో ఎవరైనను ఒంటరిగా కూర్చుండినచో, దీపాల పిచ్చయ్యశాస్త్రి జాషువ ప్రక్కన నిలిచినట్లు, వారి ప్రక్కన పోయి కూర్చుండుడు. జాషువకు మీరు చేయగల సన్మానములలో దానికంటె మంచిది లేదు.